పరిశోధనలో పాల్గొనే మనిషికి రక్షణ – సంతకానికి ముందు తెలుసుకోవలసినవి

మన ట్రస్టు ద్వారా ఉపకార వేతనాలు అందుకుంటున్న విద్యార్థినీ విద్యార్థులలో నర్సింగు, ఫార్మసీ, ఎంబిబిఎస్, సైకాలజీ, సోషల్ వర్కు చదివేవారు ఉన్నారు. చదువు పూర్తయ్యేలోపు వీరికి ఎప్పుడో ఒకప్పుడు 'మనుషులపై పరిశోధన' అనే విషయం ఎదురవుతుంది. ప్రాజెక్టు పనిమీద ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలు అడగవలసి రావచ్చు. కాలేజీలో తామే రక్తం నమూనా ఇవ్వవలసి రావచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు పెద్దాసుపత్రికి వెళ్ళినప్పుడు, "ఇక్కడ ఒక స్టడీ జరుగుతోంది, ఈ కాగితంమీద సంతకం చేయండి" అని ఎవరైనా అడగవచ్చు. ఆ కాగితం ఏమిటి, దాని వెనుక ఉన్న చట్టాలు ఎలా వచ్చాయి, అవి మనకు ఇచ్చే హక్కులేమిటి అన్నది వివరించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను వైద్యుణ్ణి కాను. బ్యాంకు గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అయితే ఈ వ్యవహారమంతా ఒక సంతకం చుట్టూ తిరుగుతుంది గనుక, ఆ సంగతి కొంత తెలుసు. వేలిముద్ర వేసే ఖాతాదారు వస్తే, కాగితంలో ఉన్నది ఆయనకు అర్థమయ్యేలా చదివి చెప్పి, సాక్షి ఎదుట ముద్ర తీసుకోవాలని మాకు మొదటిరోజుల్లోనే నేర్పేవారు. డబ్బు విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైతే, శరీరం విషయంలో ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

వైద్యం వేరు, పరిశోధన వేరు

ముందుగా ఈ తేడా గ్రహించాలి. వైద్యంలో డాక్టరుగారి లక్ష్యం ఎదుటనున్న రోగికి నయం చేయటం. పరిశోధనలో లక్ష్యం ఒక ప్రశ్నకు జవాబు కనుక్కోవటం. ఆ జవాబు రేపు వేలమందికి ఉపయోగపడవచ్చు గాని, ఈరోజు పాల్గొన్న మనిషికి ఏ మేలూ జరగకపోవచ్చు. ఒక్కోసారి నష్టం కూడా కలగవచ్చు. అందుచేత ఆ మనిషి తెలిసి, ఇష్టపడి పాల్గొనాలి. ఇంగ్లీషులో దీన్ని ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్ అంటారు. మనం 'తెలిసి ఇచ్చే సమ్మతి' అనుకోవచ్చు.

"ప్రభుత్వమే చేయిస్తున్న పని కదా, అన్నీ చూసే ఉంటారు" అని మనలో చాలామంది అనుకుంటారు. ఆ నమ్మకం ఎంతవరకు సరైనదో చూడటానికి, అమెరికాలో జరిగిన ఒక ఉదంతం వివరంగా తెలుసుకోవాలి. ఆ దేశంలో ఈనాడు అమలులో ఉన్న రక్షణ చట్టాలకు ముఖ్య కారణం అదే.

టస్కీగీలో నలభై ఏళ్ళు

అలబామా రాష్ట్రంలోని మేకన్ కౌంటీలో టస్కీగీ అనే ఊరుంది. అక్కడ 1932లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ ఒక అధ్యయనం మొదలుపెట్టింది. సిఫిలిస్ అనే సుఖవ్యాధికి చికిత్స చేయకుండా వదిలేస్తే అది మనిషిని ఏమేమి చేస్తుందో చూడటం దాని ఉద్దేశం. ఇందుకు 600 మంది నల్లజాతి పురుషులను ఎంచుకున్నారు. వారిలో 399 మందికి ఆ వ్యాధి ఉంది, 201 మందికి లేదు. చాలామంది ఇతరుల పొలాల్లో పాలుకు సేద్యం చేసుకునే పేదలు, చదువు అంతంతమాత్రం ఉన్నవారు.

వారికి సిఫిలిస్ అనే మాటే చెప్పలేదు. "మీకు చెడు నెత్తురు ఉంది, దానికి వైద్యం చేస్తున్నాం" అన్నారు. ఆ ప్రాంతంలో నీరసం మొదలుకొని రక్తహీనత దాకా అన్నిటికీ జనం వాడే మాట అది. పరీక్షకు వచ్చినరోజు ఉచిత భోజనం పెట్టేవారు. ఉచితంగా కారులో తీసుకువచ్చి దింపేవారు. చనిపోతే అంత్యక్రియల ఖర్చుకు కొంత సొమ్ము ఇచ్చేవారు, అయితే శవపరీక్షకు ఒప్పుకోవాలి. వెన్నులో సూది గుచ్చి నీరు తీసే బాధాకరమైన పరీక్షకు పిలుస్తూ, అది 'ప్రత్యేక ఉచిత చికిత్స' అనీ ఇదే ఆఖరి అవకాశమనీ ఉత్తరాలు వ్రాశారు. నిజానికి అందులో చికిత్స ఏమీ లేదు.

1940ల మధ్యకు వచ్చేసరికి సిఫిలిస్‌కు పెన్సిలిన్ పనిచేస్తుందని తేలిపోయింది. దేశమంతటా వాడటం మొదలైంది. టస్కీగీవారికి మాత్రం ఇవ్వలేదు. ఇస్తే అధ్యయనం చెడిపోతుందని భావించారు. రెండవ ప్రపంచయుద్ధంలో సైన్యంలోకి పిలుపు వచ్చిన కొందరికి అక్కడైనా చికిత్స అందేది. అదీ జరగకుండా వారి పేర్ల జాబితా ఇచ్చి మినహాయింపు సంపాదించారు. ఈలోగా రోగం భార్యలకు సోకింది, పుట్టిన పిల్లలకూ సోకింది.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఇదంతా రహస్యంగా జరగలేదు. 1936 నుంచీ దీని ఫలితాలు వైద్య పత్రికలలో అచ్చవుతూనే ఉన్నాయి. చదివిన డాక్టర్లలో అడ్డు చెప్పినవారు చాలా తక్కువ. ప్రజారోగ్య శాఖలోనే పనిచేస్తున్న పీటర్ బక్స్‌టన్ అనే యువ ఉద్యోగి 1966లో పైఅధికారులకు అభ్యంతరం తెలుపుతూ ఉత్తరం వ్రాశాడు. 1968లో మళ్ళీ వ్రాశాడు. 1969లో ఒక కమిటీ కూర్చుని, కొనసాగించవచ్చునని తేల్చింది. చివరకు ఆయన కాగితాలను పత్రికలవారికి అందించాడు. 1972 జూలైలో అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరి జీన్ హెల్లర్ వ్రాసిన కథనం దేశమంతటా వచ్చింది. ఆ సంవత్సరమే అధ్యయనం ఆగిపోయింది. బాధితులు వేసిన దావా 1974లో కోటి డాలర్ల పరిహారంతో రాజీ అయింది. 1997 మేలో అధ్యక్షుడు క్లింటన్ దేశం తరఫున క్షమాపణ చెప్పేనాటికి వారిలో ఎనిమిదిమంది మాత్రమే బ్రతికి ఉన్నారు.

వారిని గొలుసులతో కట్టి తీసుకురాలేదు. తమంతట తామే వచ్చారు. వచ్చినవారికి నిజం తెలియదు, అంతే తేడా. పాల్గొన్నంతమాత్రాన సమ్మతించినట్లు కాదని లోకానికి తెలిసివచ్చింది ఇక్కడే.

చట్టం ఎలా వచ్చింది

రెండవ ప్రపంచయుద్ధంలో నాజీ డాక్టర్లు ఖైదీలపై చేసిన ఘోరాలను విచారించిన న్యూరెంబర్గ్ కోర్టు, 1947లోనే స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అని ప్రకటించింది. 1964లో ప్రపంచ వైద్య సంఘం హెల్సింకీ ప్రకటన చేసింది. కాని అవి నీతి సూత్రాలు. అమెరికాలో వాటికి చట్టబలం వచ్చింది టస్కీగీ బయటపడిన తరువాతే. 1974 జూలైలో నేషనల్ రీసెర్చ్ యాక్ట్ అమలులోకి వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఏర్పడిన కమిషన్ ఇచ్చిన నివేదిక 1979లో వెలువడింది. దానినే బెల్మాంట్ రిపోర్టు అంటారు. అందులో మూడు సూత్రాలున్నాయి. పరీక్షలలో తరచు అడిగే విషయం గనుక విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

మొదటిది, మనిషిపట్ల గౌరవం. ప్రతి మనిషికీ తన విషయం తాను నిర్ణయించుకునే హక్కు ఉంది. అలా నిర్ణయించుకోలేని పసిపిల్లలకూ, మతిస్థిమితం లేనివారికీ అదనపు రక్షణ ఉండాలి.

రెండవది, మేలు చేయటం. కలిగే నష్టం వీలైనంత తగ్గించాలి, కలిగే ప్రయోజనం వీలైనంత పెంచాలి. ఈ రెంటినీ తూకం వేసి చూడాలి.

మూడవది, న్యాయం. కష్టం ఒకరికి, ఫలితం మరొకరికి అన్నట్లు ఉండరాదు. దొరికారు కదా, ఎదురు మాట్లాడరు కదా అని పేదలనో ఖైదీలనో ఎంచుకోరాదు.

ఈ సూత్రాల ఆధారంగా 1991లో 15 ప్రభుత్వ శాఖలూ సంస్థలూ కలిసి ఒకే నిబంధనావళిని స్వీకరించాయి. అందరికీ ఉమ్మడి గనుక దానికి కామన్ రూల్ అని పేరు. 2017లో దానిని సవరించారు. దీని ప్రకారం ప్రభుత్వ నిధులతో మనుషులపై పరిశోధన చేసే సంస్థ ముందుగా ఒక సమీక్షా మండలి అనుమతి పొందాలి. మండలిలో కనీసం ఐదుగురు ఉండాలి. వారిలో ఒకరైనా శాస్త్రవేత్త కానివారు, ఒకరైనా ఆ సంస్థతో సంబంధం లేనివారు ఉండాలి. సమ్మతి పత్రం మొదట్లోనే ముఖ్య విషయాలు క్లుప్తంగా, సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పాలన్నది 2017 సవరణలో వచ్చిన మంచి మార్పు.

మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, ఈ నిబంధన బలమంతా నిధుల విడుదలలో ఉంది. షరతులు పాటించకపోతే డబ్బు ఆగిపోతుంది. 2001 జూన్‌లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉబ్బసంపై ప్రభుత్వ నిధులతో జరుగుతున్న అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న 24 ఏళ్ళ వాలంటీరు ఒకామె మరణించింది. ఆ మరుసటి నెలలో ప్రభుత్వ పర్యవేక్షణ కార్యాలయం ఆ సంస్థలో ప్రభుత్వ నిధులతో మనుషులపై జరుగుతున్న పరిశోధనలను దాదాపు అన్నిటినీ కొద్దిరోజులపాటు నిలిపివేసింది. అంత పేరున్న సంస్థకైనా మినహాయింపు లేకపోయింది.

ఈ నిబంధన డబ్బు వెంట దేశం దాటి కూడా వస్తుంది. అమెరికా ప్రభుత్వ గ్రాంటుతో మన దేశంలోని సంస్థ పరిశోధన చేస్తే, ఆ సంస్థ కూడా నియమాలు పాటిస్తామని హామీపత్రం దాఖలు చేయాలి. పైచదువుకు అమెరికా వెళ్ళే మన పిల్లలు, మనుషులతో ముడిపడిన పరిశోధన చేయాలంటే ముందుగా ఈ నిబంధనలపై శిక్షణ పొందవలసి ఉంటుంది.

మన దేశంలో

మన దేశంలో వైద్య పరిశోధనకు పెద్దదిక్కు భారత వైద్య పరిశోధన మండలి. ఐసిఎంఆర్ అంటాము. ఇది కేంద్ర ప్రభుత్వ సంస్థ. మనుషులపై పరిశోధనకు సంబంధించి 1980లోనే ఒక విధాన ప్రకటన చేసింది. అయినా, దాని ఆధ్వర్యంలోని ఢిల్లీ కేంద్రంలో 1976లో మొదలైన ఒక అధ్యయనం, ఎనభయ్యవ దశకంలో కూడా సాగింది. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సరుకు ముందు కనిపించే మార్పులున్న 1,158 మంది మహిళలకు చికిత్స చేయకుండా, ఎందరికి క్యాన్సరుగా మారుతుందో గమనించారు. 1997లో ఇది పత్రికలకెక్కినప్పుడు, సమ్మతి నోటిమాటగా తీసుకున్నామని సమాధానం వచ్చింది. ఆ తరువాత 2000లో ఐసిఎంఆర్ వివరమైన మార్గదర్శకాలు ప్రకటించింది. వాటిని 2006లోనూ 2017లోనూ సవరించింది.

మన తెలుగువారికి మరీ దగ్గరి ఉదంతం ఖమ్మం జిల్లాది. 2009లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి హెచ్‌పివి టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా వేసే టీకా ఇది. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసిఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. సొమ్ము గేట్స్ ఫౌండేషన్‌ది, టీకాలు కంపెనీ ఉచితంగా ఇచ్చినవి, వేసే యంత్రాంగం మాత్రం ప్రభుత్వానిది. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇటువంటి ప్రాజెక్టే నడిచింది. రెండుచోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తలు వచ్చాక, 2010 ఏప్రిల్‌లో కేంద్రం దీనిని నిలిపివేసింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. ఈ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నది, అనేక దేశాలలో వేస్తున్నారు. కనుక టీకాను అనుమానించమని నేను చెప్పటం లేదు.

తప్పు జరిగింది సమ్మతి దగ్గర. పార్లమెంటు ఆరోగ్య స్థాయీసంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన 72వ నివేదికలో ఆ లెక్కలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 సమ్మతి పత్రాలలో 1,948 పత్రాలపై వేలిముద్రలే ఉన్నాయి. 2,763 పత్రాలపై హాస్టలు వార్డెన్లు సంతకం చేశారు. పది పత్రాలలో దాదాపు మూడు అన్నమాట. ఆ పిల్లల తల్లిదండ్రులు ఉన్నారు, దూరాన గూడేలలో ఉన్నారు. వారి దగ్గరకు వెళ్ళి అడగటం కష్టమైన పని. ఆ కష్టం పడకుండా, దగ్గరనున్న వార్డెన్ చేత సంతకం పెట్టించారు. బిడ్డను హాస్టలులో వదిలినంతమాత్రాన ఆ బిడ్డ శరీరంపై నిర్ణయాధికారం వార్డెనుకు బదిలీ కాదు. మన ట్రస్టు పిల్లలలో హాస్టళ్ళలో ఉండి చదువుకునేవారు కూడా ఉన్నారు గనుక ఈ మాట నొక్కి చెబుతున్నాను.

ఇప్పుడు మనకున్న హక్కులు

కొత్త మందుల పరీక్షలకు 2019లో కేంద్రం కొత్త నియమావళి తెచ్చింది. ఇతర ఆరోగ్య పరిశోధనలకు ఐసిఎంఆర్ 2017 మార్గదర్శకాలు వర్తిస్తాయి. వీటిలో సామాన్యుడు తెలుసుకోవలసిన ముఖ్యాంశాలు ఇవి.

1. మందుల పరీక్షలను అనుమతించే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. అందులో సామాన్య పౌరుడు ఒకరు, మహిళ ఒకరు, న్యాయశాస్త్రం తెలిసినవారు ఒకరు తప్పనిసరి. సభ్యులలో సగంమందికైనా ఆ సంస్థతో సంబంధం ఉండరాదు.

2. పరిశోధన ఉద్దేశం, కాలవ్యవధి, చేసే పరీక్షలు, కలగగల నష్టాలు, వేరే చికిత్స మార్గాలు – ఇవన్నీ పాల్గొనే వ్యక్తికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. సంతకం చేసిన పత్రం నకలు ఆ వ్యక్తికి ఇవ్వాలి.

3. చదవలేనివారి విషయంలో, పరిశోధనతో సంబంధంలేని సాక్షి మొదటినుంచి చివరిదాకా ఎదుట ఉండాలి.

4. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఏడేళ్ళు దాటిన పిల్లల అంగీకారం కూడా తీసుకోవాలి. 12 ఏళ్ళ వరకు నోటిమాట చాలు, 12 నుంచి 18 వరకు వ్రాతపూర్వకంగా ఉండాలి.

5. ఒప్పుకున్న తరువాత కూడా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానుకోవచ్చు. మానుకున్నందుకు మామూలుగా అందవలసిన వైద్యం ఆపరాదు.

6. మందుల పరీక్షలో పాల్గొన్నందువల్ల హాని కలిగితే ఉచిత వైద్యంతోపాటు నష్టపరిహారం ఇవ్వాలి. మరణం సంభవిస్తే 8 లక్షల రూపాయలను ఆధారమొత్తంగా తీసుకుని, వయస్సునుబట్టి, వ్యాధి తీవ్రతనుబట్టి లెక్కిస్తారు. అందుకే ఆ పత్రంలో నామినీ పేరు వ్రాసే గడి ఉంటుంది. డిపాజిటు ఫారంలో మాదిరిగానే దానిని ఖాళీగా వదలకండి. అమెరికా కామన్ రూల్‌లో పరిహారం ఇస్తారో లేదో చెబితే చాలు, ఇచ్చి తీరాలని లేదు. ఈ ఒక్క విషయంలో మన నియమం మెరుగు.

7. మందుల పరీక్షలన్నీ ఐసిఎంఆర్ నిర్వహించే జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాలి. 2009 జూన్ 15 నుంచి ఇది తప్పనిసరి. ఎవరైనా ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు.

మన కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు

'అర్థమయ్యే భాష' అనే మాట దగ్గర మనవారు ఒక్కక్షణం ఆగాలి. తరతరాలుగా బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో స్థిరపడిన మన ఇళ్ళలో మాట్లాడేది తెలుగు. బడిలో నేర్చిన లిపి కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో. అమ్మమ్మకు తెలుగు వినటం వచ్చు గాని చదవటం రాదు. ఆసుపత్రివారు, "మీది తెలుగు కదా" అని తెలుగు పత్రం ఇస్తే ఆమె చదవలేదు. రాష్ట్రభాషలో ఇస్తే, అక్షరాలు వచ్చినా ఆ వైద్య పదాలు అందవు. మొహమాటానికి తల ఊపి సంతకం చేస్తుంది. సంతకం చేయగలిగింది గనుక, చదువు వచ్చినట్లే లెక్క వేసి సాక్షిని కూడా పిలవరు.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళను ఆసుపత్రికి తీసుకువెళ్ళే పిల్లలు ముందే చెప్పాలి: "మా అమ్మమ్మకు తెలుగులో నోటితో చెప్పండి, తెలుగు చదవటం రాదు." చెప్పగలిగినవారు అక్కడ లేకపోతే పత్రం ఇంటికి తీసుకువెళ్ళి చదివించుకుని వస్తామని అడగవచ్చు. ఆలోచించుకోవటానికి వ్యవధి ఇవ్వటం పరిశోధకుల బాధ్యత.

పరిశోధన చేసే విద్యార్థులకు

రేపు మీరే కాగితం పట్టుకుని మరొకరి ముందు నిలబడతారు. ఎథిక్స్ కమిటీ అనుమతి అంటే గైడుగారి చేత వేయించుకునే ఇంకొక ముద్ర అనుకోకండి. టస్కీగీలో మంచి డాక్టర్లు లేకపోలేదు. "ఇది సరైనదేనా" అని బయటివారు అడిగే ఏర్పాటు లేకపోయింది. కమిటీ ఉన్నది అందుకే.

నర్సింగు, మెడికల్, ఫార్మసీ కాలేజీల విద్యార్థులను కూడా ఐసిఎంఆర్ మార్గదర్శకాలు బలహీన స్థితిలో ఉన్నవారిగా గుర్తిస్తాయి. పాఠం చెప్పే మేడమ్‌గారే అడిగితే కాదనటం కష్టం గనుక ఆ గుర్తింపు. ఇంటర్నల్ మార్కులకు భయపడి ఒప్పుకోనక్కరలేదు. ఇబ్బందిగా ఉంటే పత్రంలో ఉన్న ఎథిక్స్ కమిటీ నంబరుకు ఫోను చేయండి.

అడగవలసిన ఆరు ప్రశ్నలు

ఇది నా వైద్యంలో భాగమా, పరిశోధనా? డబ్బు ఎవరు ఇస్తున్నారు? ఏ ఎథిక్స్ కమిటీ అనుమతించింది? నాకు ఏమైనా అయితే ఖర్చు ఎవరు భరిస్తారు? మధ్యలో మానుకుంటే ఏమవుతుంది? ఈ పత్రం నకలు నాకు ఎప్పుడు ఇస్తారు?

ఈ ప్రశ్నలు అడిగినందుకు నిజాయితీగల పరిశోధకుడు ఎవరూ నొచ్చుకోరు. జవాబులు సంతృప్తిగా ఉంటే తప్పక పాల్గొనండి. ఈనాడు మనం వేసుకునే మందులూ టీకాలూ ఒకప్పుడు ఎవరో ముందుకు వచ్చి పాల్గొన్నందువల్ల అందినవే. విద్యార్థులు ఈ పేజీని హాస్టలు నోటీసుబోర్డులో అంటించవలసిందిగానూ, ఇంట్లో చదవలేని పెద్దలకు తీరికగా చదివి వినిపించవలసిందిగానూ కోరుతున్నాను.